గ్లయోబ్లాస్టోమా తీసేశాక మిగిలిన అంచులోకి మందు ఎలా చేర్చాలి: అల్ట్రాసౌండా, కాథెటరా, వేఫరా?

రసాయని (ప్రశ్న)

నమస్కారం. గ్లయోబ్లాస్టోమా (మెదడులో వచ్చే ఒక తీవ్రమైన క్యాన్సర్ కణితి) మందుల గురించి ఒక సమీక్షా వ్యాసం సిద్ధం చేస్తున్నాం. ఒకచోట ఆగిపోయాం.

గాడోలినియం ఎక్కించాక ఎంఆర్ఐలో తెల్లగా మెరిసే భాగంలో బ్లడ్ బ్రెయిన్ బ్యారియర్ (బీబీబీ, రక్తంలోని పదార్థాలను మెదడులోకి దిగనివ్వని కేశనాళికల అడ్డుగోడ) ఎలాగూ చెడిపోయి ఉంటుంది. సర్జన్ తీసేది కూడా ఎక్కువగా ఆ భాగాన్నే. తర్వాత మిగిలేవి చుట్టూ ఉన్న మెదడులోకి పాకిపోయిన కణాలు. కణితి తిరగబెట్టినప్పుడు పదింట ఎనిమిది తొమ్మిదిసార్లు పాత హద్దుకు 2 సెం.మీ. లోపలే కనిపిస్తుంది. అక్కడేమో బీబీబీ చాలావరకు గట్టిగానే ఉంటుంది.

ఈ కణితికి ఇచ్చే కీమో మందు టెమోజోలోమైడ్ 194 డాల్టన్ల చిన్న అణువు. అయినా సీఎస్ఎఫ్‌లో (మెదడు లోపలా చుట్టూ ఉండే ద్రవంలో) దొరికేది ప్లాస్మాలో ఉన్నదాంట్లో సుమారు ఐదో వంతు. పాక్లిటాక్సెల్ 854 డాల్టన్లు, డాక్సోరూబిసిన్ 544, యాంటీబాడీలైతే లక్షన్నర దాకా. వీటిని ఆ 2 సెం.మీ. అంచులోకి, అదీ అక్కడికే, చేర్చడానికి నిజంగా పనిచేసే దారి ఏది? ఎంత ఒత్తిడి, ఎంత ప్రవాహం, ఎంతసేపు, ఏ మెట్టు దగ్గర చెడుతుంది అన్న వివరాలు కావాలి. ముక్కు ద్వారా నానోకణాలు ఇస్తే చాలని చాలా పేపర్లు రాస్తున్నాయి. వాటిని ఎంతవరకు నమ్మవచ్చో కూడా చెప్పండి.

ధ్వనిరేఖ

బీబీబీని తెరవడం ఇప్పుడు పెద్ద కష్టం కాదండి. తెరిచిన చోటే మందు దిగిందా, దిగితే ఎంత దిగింది అన్నది చూడగలగడమే కష్టం. మీ సమీక్షలో ప్రతి పద్ధతికీ ఈ ప్రశ్నే వేయండి, సగం పేపర్లు అక్కడే పక్కకు పోతాయి.

25 శాతం మానిటాల్‌ను కరోటిడ్ ధమనిలోకి అర నిమిషం పాటు వేగంగా ఎక్కించి తెరిచే పద్ధతి 1970ల నుంచి ఉంది. అందులో ఆ ధమని రక్తం అందించే భాగమంతా ఒక్కసారే తెరుచుకుంటుంది. ఫిట్స్ వచ్చే ప్రమాదమూ ఉంది. అంచుకు మాత్రమే అన్న మీ షరతుకు అది సరిపోదు. కాబట్టి అల్ట్రాసౌండ్ గురించే చెబుతాను.

సూత్రం ఇది. 1 నుంచి 10 మైక్రాన్ల గ్యాస్ బుడగలను సిరలోకి ఎక్కిస్తారు. అవి రక్తనాళం దాటి బయటికి పోవు. ధ్వని తగిలిన చోట మాత్రం ఉబ్బుతూ కుంచించుకుంటూ కేశనాళిక గోడను లోపలి నుంచి నెడతాయి. ఎండోథీలియల్ కణాల మధ్య బిగువు కీళ్ళు కొంతసేపు వదులవుతాయి, కణం గుండా తిత్తుల్లో జరిగే రవాణా కూడా పెరుగుతుంది. 2001లో కులెర్వో హైనినెన్ బృందం కుందేళ్ళలో దీన్ని ఎంఆర్ఐ కింద చూపించింది. బుడగలు లేకుండా ఇదే పని చేయాలంటే కణజాలం దెబ్బతినేంత శక్తి పెట్టాలి.

మనుషుల్లో ప్రధానంగా రెండు రకాల పరికరాలు వాడుతున్నారు. ఒకటి పుర్రె బయట పెట్టే ఎక్సాబ్లేట్ హెల్మెట్: 1024 ట్రాన్స్‌డ్యూసర్లు (ధ్వని పుట్టించే మూలకాలు), బీబీబీ తెరవడానికి 220 కిలోహెర్ట్జ్. రెండోది సర్జరీ సమయంలోనే పుర్రె కిటికీలో అమర్చే సోనోక్లౌడ్-9: తొమ్మిది ఉద్గారకాలు, 1 మెగాహెర్ట్జ్. మీరు అడిగిన అంచు విషయంలో రెండోదానికి సహజమైన అనుకూలత ఉంది. ఎముక అడ్డం ఉండదు కాబట్టి ధ్వని వంకర పోదు, ప్రతి కీమో విడతకూ ఒక సూది గుచ్చి పరికరాన్ని కలిపితే చాలు. హెల్మెట్‌కైతే తల గొరగాలి, ఫ్రేమ్ బిగించాలి, ఎంఆర్ఐ గదిలో గంటలు గడపాలి. అయితే ఇంప్లాంట్ పెట్టిన చోటు మారదు. కణితి రెండోవైపు పాకితే హెల్మెట్‌తో గురి మార్చవచ్చు.

సంఖ్యల్లో చాలామంది పొరపడేది ఒత్తిడి దగ్గర. బుడగల వల్ల కణజాలానికి హాని జరిగే అవకాశాన్ని అంచనా వేసే కొలత మెకానికల్ ఇండెక్స్. దానికి మెగాపాస్కల్‌లలో ఉన్న రుణ పీడన శిఖరాన్ని, మెగాహెర్ట్జ్‌లలో ఉన్న పౌనఃపున్యపు వర్గమూలంతో భాగించాలి. 0.22 వర్గమూలం 0.47. అంటే హెల్మెట్‌లో 0.2 మెగాపాస్కల్ దగ్గరే ఇండెక్స్ 0.43 అవుతుంది. సోనోక్లౌడ్‌లో 1.03 మెగాపాస్కల్ వాడారు, అక్కడ ఇండెక్స్ కూడా 1.03. కాబట్టి ఒక పేపర్లో 0.2, ఇంకో పేపర్లో 1 కనిపిస్తే రెండోది ఐదు రెట్లు తీవ్రమని రాయకండి. ఆ అంకె నీళ్ళ తొట్టిలో కొలిచిందా, పుర్రె నష్టం తీసేసి మెదడులో అంచనా వేసిందా అని కూడా చూడండి. పక్కపక్కన పెట్టిన పట్టికలు ఎక్కువగా తప్పేది ఇక్కడే.

హెల్మెట్ పద్ధతిలో వరుస ఇలా ఉంటుంది. ముందు సీటీ తీసి పుర్రె మందం, సాంద్రతలను బట్టి ఒక్కో ట్రాన్స్‌డ్యూసర్ దశను సరిచేస్తారు. తలకూ హెల్మెట్‌కూ మధ్య గాలి తీసేసిన చల్లటి నీరు తిప్పుతారు. నీటిలో గాలి మిగిలితే ధ్వని అక్కడే చెదిరిపోతుంది. బుడగలు ఎక్కిస్తూ చిన్న శక్తితో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. తిరిగొచ్చే ధ్వనిని వినే రిసీవర్లు ఉంటాయి. ప్రసార పౌనఃపున్యానికి సగం దగ్గర సంకేతం లేచిందంటే బుడగలు నిలకడగా ఊగుతున్నట్టు. అన్ని పౌనఃపున్యాల్లోనూ ఒకేసారి రొద లేచిందంటే బుడగలు పగిలిపోతున్నట్టు, వెంటనే ఆపాలి. ప్రయోగశాలల్లో నిలిచిన నియమం ఒకటుంది: నిలకడ సంకేతం మొదటిసారి కనిపించిన ఒత్తిడిని పట్టుకుని, అందులో సగానికి దించి మిగిలిన చికిత్స నడపడం. స్థిరమైన ఒత్తిడి పెట్టుకుని పనిచేయడం కన్నా ఇది ఎంతో నయం, ఎందుకంటే ఒక్కో పుర్రె మింగే శక్తి ఒక్కోలా ఉంటుంది. జంతువుల్లో సాధారణ అమరిక 10 మిల్లీసెకన్ల తరంగాలు, సెకనుకు ఒకటి, రెండు నిమిషాలు.

220 కిలోహెర్ట్జ్ దగ్గర కణజాలంలో తరంగదైర్ఘ్యమే 7 మి.మీ. ఫోకస్ అంతకన్నా బాగా సన్నగా ఉండాలని ఆశించకూడదు. అంచు మొత్తం తెరవాలంటే ఆ చుక్కను గ్రిడ్‌లా జరుపుతూ పోవాలి.

ఇక చెడే చోట్లు. బుడగల తయారీ దగ్గరే చాలా పోతుంది. డెఫినిటీ (ఇలాంటి బుడగల ఒక బ్రాండ్) సీసాను దాని యంత్రంలో 45 సెకన్లు కుదపాలి, అంతకుముందే గది వేడికి రానివ్వాలి. సన్నటి సూదిలోంచి గట్టిగా నొక్కితే బుడగలు నలిగిపోతాయి, లైన్‌లో ఫిల్టర్ ఉంటే అక్కడే ఆగిపోతాయి. సీసా ఐదు నిమిషాలు కదలకుండా ఉంటే బుడగలు పైకి తేలతాయి, మళ్ళీ కలిపి తీయాలి. జంతువులకు మత్తు ఇచ్చేటప్పుడు శుద్ధ ఆక్సిజన్ పీల్పిస్తే బుడగల ఆయుష్షు తగ్గి, బీబీబీ తెరుచుకోవడం కూడా తగ్గుతుంది. మామూలు గాలి వాడితే ఫలితం మారుతుంది. మెథడ్స్‌లో ఏ గ్యాస్ వాడారో రాయని పేపర్లను పోల్చడం కష్టం.

పుర్రె లోపల ధ్వని తిరిగి కొట్టుకుని స్థిర తరంగాలు ఏర్పడితే అనుకోని చోట ఒత్తిడి పోగవుతుంది. పక్షవాతంలో గడ్డ కరిగించే మందుతో పాటు 300 కిలోహెర్ట్జ్ అల్ట్రాసౌండ్ ఇచ్చిన ట్రంబీ ట్రయల్‌ను రక్తస్రావాల వల్ల 2005కల్లా మధ్యలోనే ఆపేశారు. అక్కడ ధ్వనిని ఒకచోట కేంద్రీకరించలేదు. తర్వాతి లెక్కలు స్థిర తరంగాలనే అనుమానించాయి. వెయ్యి మూలకాలతో గుండ్రంగా కేంద్రీకరించడంలో ఒక ప్రయోజనం ఇదే.

చూడటం ఎలా అంటే, చికిత్స అయిన వెంటనే గాడోలినియంతో టీ1 రకం ఎంఆర్ఐ. మెరిసిన చోటు తెరుచుకున్నట్టు. టీ2-స్టార్ (రక్తం జాడను చూపే ఎంఆర్ఐ రకం)లో కొత్త నల్లచుక్కలు కనిపిస్తే ఎర్రకణాలు బయటికి వచ్చాయి, ఒత్తిడి ఎక్కువైంది. కానీ గాడోలినియం కాంట్రాస్ట్ 600 డాల్టన్ల దగ్గరిది. అది దిగిందని లక్షన్నర డాల్టన్ల యాంటీబాడీ కూడా అంతే దిగిందని చెప్పలేం.

అందుకే 2023లో ద లాన్సెట్ ఆంకాలజీలో వచ్చిన షికాగో నార్త్‌వెస్టర్న్ పని నాకు బాగా విలువైనదిగా అనిపిస్తుంది. సోనోక్లౌడ్-9తో తెరిచి, అల్బుమిన్‌కు కట్టిన పాక్లిటాక్సెల్ ఇచ్చి, కొందరిలో సర్జరీ మధ్యలోనే ధ్వని తగిలిన మెదడునూ తగలని మెదడునూ ముక్కలు తీసి మందు కొలిచారు. పాక్లిటాక్సెల్ 0.037 నుంచి 0.139 మైక్రోమోలార్‌కు, అంటే 3.7 రెట్లు పెరిగింది. కార్బోప్లాటిన్ 5.9 రెట్లు. తెరుచుకున్న దారి మొదటి గంటలోనే చాలావరకు మూసుకుంటోందని కూడా తేలింది. దీన్నిబట్టి మందు సమయం కుదుర్చుకోవాలి: ధ్వని ఇచ్చాక తీరిగ్గా డ్రిప్ పెడితే వృథా. మోతాదు చదరపు మీటరుకు 260 మి.గ్రా. దాకా పెంచారు. ఆ పై మోతాదులో ఎన్‌సెఫలోపతి (మెదడు పనితీరు దెబ్బతినడం) కనిపించింది. మామూలు పాక్లిటాక్సెల్‌ను పక్కన పెట్టడానికి కారణం క్రెమోఫోర్ ద్రావకం. ఎలుకల్లో తెరిచిన మెదడులోకి అది వెళ్తే ద్రావకమే విషంలా పనిచేసింది. దారి తెరిస్తే మందుతో పాటు మందులో కలిపినవన్నీ లోపలికి వస్తాయి, ఫార్ములేషన్ చేసేవారు దీన్ని ముందే లెక్కలో పెట్టుకోవాలి.

సన్నగొట్టం

ధ్వనిరేఖ గారు చెప్పినదానికి తోడుగా కాథెటర్ దారి గురించి రాస్తాను. దీన్ని కన్వెక్షన్ డెలివరీ అంటారు, 1994లో అమెరికా ఎన్ఐహెచ్ నుంచి వచ్చింది. బీబీబీ అవతలే సూది మొన పెట్టి, మందును అతి నెమ్మదిగా పంపుతో నెడతారు. కణాల మధ్య ఖాళీ గుండా ద్రవం తోసుకుంటూ పోతుంది. వ్యాపనం మీద మాత్రమే ఆధారపడితే మొన నుంచి కొన్ని మిల్లీమీటర్లలోనే గాఢత పడిపోతుంది. ప్రవాహంతో సెంటీమీటర్లు వెళ్ళవచ్చు, పెద్ద అణువులు కూడా వెళ్తాయి.

ముందు లెక్క వేసుకోండి. 4 సెం.మీ. వ్యాసం గల గుంత చుట్టూ 2 సెం.మీ. మందాన అంచు అనుకుంటే దాని ఘనపరిమాణం సుమారు 235 మి.లీ. మెదడులో కణాల మధ్య ఖాళీ ఐదో వంతు, కాబట్టి 1 మి.లీ. ద్రవం సిద్ధాంతంలో 5 మి.లీ. కణజాలాన్ని తడపాలి. నిజంలో 3 అనుకోవడం భద్రం. అంటే 78 మి.లీ. ద్రవం కావాలి. నిమిషానికి 5 మైక్రోలీటర్ల చొప్పున నాలుగు కాథెటర్లు నడిపితే గంటకు 1.2 మి.లీ., మొత్తం 65 గంటలు. ఇందులో ఎక్కడా మార్జిన్ లేదు. వేగం పెంచి సమయం తగ్గిద్దామంటే ద్రవం కాథెటర్ గోడ వెంబడి వెనక్కి పాకుతుంది.

వెనక్కి పాకడమే ఈ పద్ధతికి ప్రధాన శత్రువు. ద్రవానికి అడ్డు తక్కువ ఉన్న దారి ఏది దొరికినా అంతా అటే పోతుంది. గట్టుకు గండి పడితే మడి తడవదు కదా, అంతే. గండి ఇక్కడ నాలుగు చోట్ల ఉంటుంది: కాథెటర్ చుట్టూ ఉన్న సందు, దగ్గర్లోని మెదడు ముడత, వెంట్రికిల్ (మెదడు లోపల సీఎస్ఎఫ్ ఉండే గది), కణితి తీసిన గుంత. మొన గుంత గోడ నుంచీ మెదడు ఉపరితలం నుంచీ కనీసం 2 సెం.మీ. లోతున, వెంట్రికిల్ పొరకు కనీసం అర సెంటీమీటరు దూరంగా ఉండాలని ట్రయల్స్‌లో నియమం పెట్టుకున్నారు. మీకు కావాల్సిందేమో గుంత పక్కనే ఉన్న అంచు. ఈ వైరుధ్యం గ్లయోబ్లాస్టోమాలో ఎప్పుడూ ఉంటుంది.

తగ్గించే మార్గాలు ఇవి. మెట్టు ఉన్న కాన్యులా వాడాలి: చివర కొన్ని మిల్లీమీటర్లు సన్నటి సిలికా గొట్టం, దాని వెనక ఒక్కసారిగా లావయ్యే భాగం. వెనక్కి వచ్చే ద్రవం ఆ మెట్టు దగ్గర ఆగుతుంది. లోపలికి దించేటప్పుడు ద్రవం నడుస్తూనే ఉండాలి. ఆపి దింపితే మొనలో కణజాలపు బిరడా పడుతుంది, ఒత్తిడి పెరిగి పెరిగి ఒక్కసారి చిమ్మి, వెనక్కి దారి చేసుకుంటుంది. ఆ కాథెటర్ ఇక పనికిరాదు. గొట్టంలో గాలి బుడగ ఉన్నా ఇదే కథ. ప్రవాహం నిమిషానికి 1 మైక్రోలీటర్‌తో మొదలుపెట్టి మెట్లుమెట్లుగా 3కు, 5కు పెంచాలి. లైన్ ఒత్తిడిని రాస్తూ ఉండండి: మెల్లగా ఎక్కుతూ పోతే అడ్డు, ఒక్కసారి పడిపోతే ముడతలోకో వెంట్రికిల్‌లోకో దారి దొరికిందని అర్థం.

మందుతో పాటు 1–2 మిల్లీమోలార్ గాడోటెరిడాల్ (గాడోలినియం కాంట్రాస్ట్) కలిపి ఎంఆర్ఐ లోపలే ఎక్కిస్తే ద్రవం ఎటు పోతోందో అప్పటికప్పుడు కనిపిస్తుంది. ఇది చేయకపోవడం వల్ల జరిగిన నష్టానికి ప్రిసైజ్ ట్రయలే సాక్ష్యం. సింట్రెడెకిన్ బెసుడోటాక్స్ అనే విష ప్రోటీన్‌ను 96 గంటలు కాథెటర్లతో ఎక్కించి, గ్లియాడెల్ వేఫర్లతో (గుంత గోడకు పెట్టే కీమో మందు బిళ్ళలతో) పోల్చారు. 296 మంది. 2010లో వచ్చిన ఫలితం: సగటు బతుకు 36.4 వారాలు, వేఫర్ల వైపు 35.3 వారాలు, తేడా లేనట్టే. ఇక్కడ సగటు అంటే మీడియన్, అంటే వరుసలో సరిగ్గా మధ్యన పడే విలువ. తర్వాత చేసిన విశ్లేషణలో చాలా కాథెటర్లు నియమం ప్రకారం కూర్చోలేదని, మందు అంచును సరిగా కప్పలేదని తేలింది. మందు పనికిరాదా, మందు చేరలేదా అన్నది ఈరోజుకీ ఆ ట్రయల్ నుంచి చెప్పలేం. అంతమంది రోగులు ఒప్పుకుని చేరిన ట్రయల్ ఒక జవాబూ ఇవ్వకుండా మిగలడం నాకు చాలా బాధగా ఉంటుంది.

బ్రిస్టల్‌లో పార్కిన్సన్స్ రోగులకు జీడీఎన్ఎఫ్ (నరకణాలను కాపాడే ప్రోటీన్) ఇచ్చిన ట్రయల్‌ను దీని పక్కన పెట్టి చూడండి. 41 మంది, పుర్రెకు అమర్చిన పోర్టు నుంచి నాలుగు కాథెటర్లు, నాలుగు వారాలకోసారి. 2019 ఫలితాల్లో పుటమెన్ (కదలికలను నడిపే లోతైన మెదడు భాగం) అంతటా ఎఫ్-డోపా పెట్ (డోపమైన్ పనిని చూపే స్కాన్) సంకేతం పెరిగింది. కానీ ప్రధాన లక్ష్యంగా పెట్టుకున్న కదలికల స్కోరులో ప్లాసిబోను దాటలేదు. అదీ వైఫల్యమే. అయినా మందు చేరిందని తెలుసు కాబట్టి తర్వాత ఏం మార్చాలో మాట్లాడుకోవచ్చు: మోతాదా, గడువా, వ్యాధి దశా.

నిజంగా గెలిచిన ఉదాహరణ కావాలంటే ఏఏడీసీ లోపానికి (డోపమైన్ తయారీకి కావాల్సిన ఎంజైమ్ లోపించే అరుదైన జన్యు జబ్బుకు) ఇచ్చే జన్యు చికిత్స ఎలాడోకాజీన్ ఎక్సుపార్వోవెక్ చూడండి. యూరప్‌లో 2022 జులైలో, అమెరికాలో 2024 నవంబరులో అనుమతి వచ్చింది. రెండు పుటమెన్లలో రెండేసి చోట్ల, ఒక్కో చోట 80 మైక్రోలీటర్లు, నిమిషానికి 3 మైక్రోలీటర్లు, అంటే చోటుకు 27 నిమిషాలు. మొత్తం 320 మైక్రోలీటర్లలో 18,000 కోట్ల వెక్టర్ జీనోములు. లక్ష్యం చిన్నది, హద్దులు స్పష్టం, ఒక్కసారి ఇస్తే చాలు. కాథెటర్ పద్ధతి ఇలాంటి చోట బాగా పనిచేస్తుంది. 235 మి.లీ. అంచుకు అదే ధీమా నాకు లేదు.

ఇంకొకటి, గొట్టం గోడలకు మందు అంటుకుపోవడం. ఇంత చిన్న పరిమాణాల్లో అది గణనీయం. ఏఏవీ (జన్యువును మోసుకెళ్ళే వైరస్) ద్రావణాల్లో 0.001 శాతం పోలోక్సామర్ 188 కలిపేది ఇందుకే. మీ మందుతో ఖాళీ పరుగు ఒకటి పెట్టి, సిరంజిలో పోసిన గాఢతనూ మొన దగ్గర పట్టిన గాఢతనూ కొలవకుండా జంతువు దాకా వెళ్ళకండి.

వార్డు_ఫార్మసీ

వేఫర్ల సంగతి క్లుప్తంగా. గ్లియాడెల్ ఒక్కోటి 14.5 మి.మీ. వ్యాసం, 1 మి.మీ. మందం, 7.7 మి.గ్రా. కార్ముస్టీన్. గుంత గోడకు గరిష్ఠంగా 8, అంటే 61.6 మి.గ్రా. అమెరికాలో 1996లో తిరగబెట్టిన కణితులకు, 2003లో కొత్త రోగులకు అనుమతి వచ్చింది. కొత్త రోగుల ట్రయల్‌లో మీడియన్ 13.9 నెలలు, ప్లాసిబో వేఫర్లతో 11.6.

నిల్వ మైనస్ 20 డిగ్రీల దగ్గర. తెరవని పౌచ్ గది వేడిలో 6 గంటలకు మించి ఉండకూడదు, కాబట్టి థియేటర్ నుంచి పిలుపు వచ్చాకే బయటికి తీయాలి. గుంతకూ వెంట్రికిల్‌కూ మధ్య దారి ఏర్పడి ఉంటే ముందు దాన్ని మూయాలి, లేకపోతే వేఫర్ జారి లోపల పడి సీఎస్ఎఫ్ దారికి అడ్డుపడవచ్చు. డ్యూరా (మెదడును కప్పే గట్టి పొర) నీరు కారనంత గట్టిగా కుట్టకపోతే లీకు, ఆ వెనకే ఇన్‌ఫెక్షన్. ఎంఆర్ఐలో కొంతకాలం గుంత చుట్టూ కనిపించే మెరుపు కణితా, వేఫర్ ప్రభావమా అన్నది తేల్చుకోవడం కష్టం, రేడియాలజిస్టుకు వేఫర్లు పెట్టిన సంగతి తప్పనిసరిగా రాసి పంపాలి.

అసలు పరిమితి దూరం. మందు 2–3 వారాల్లో విడుదలవుతుంది, చొచ్చుకుపోయేది గోడ నుంచి కొన్ని మిల్లీమీటర్లే. కార్ముస్టీన్ కొవ్వులో సులువుగా కరుగుతుంది కాబట్టి కేశనాళికల్లోకి తిరిగి జారిపోతుంది. మీరు అడిగిన 2 సెం.మీ.కు ఇది అందదు.

అవిశేషం

నానోకణాల మాటకు వస్తాను, ఫార్మసీ కాలేజీల్లో ఎక్కువ పని జరిగేది దీని మీదే కాబట్టి.

2016లో పదేళ్ళ జంతు ప్రయోగాలన్నీ కలిపి చూసిన ఒక విశ్లేషణలో, సిరలోకి ఇచ్చిన నానోకణాల మోతాదులో కణితికి చేరింది మీడియన్ 0.7 శాతం. అవి ఎక్కువగా చర్మం కింద పెంచిన కణితుల్లాంటివే. మిగిలినదాంట్లో పెద్ద వాటా కాలేయానికీ ప్లీహానికీ పోతుంది. రక్తంలో పడగానే కణం చుట్టూ ప్రోటీన్ల పొర కట్టుకుంటుంది, మీరు అతికించిన లిగాండ్ (గురిని పట్టుకునే అణువు) ఆ పొర కింద పూడిపోవచ్చు.

ఇనుమును కణంలోకి తీసుకెళ్ళే ట్రాన్స్‌ఫెరిన్ రిసెప్టర్‌ను పట్టుకుని బీబీబీని దాటే ఉపాయం నిజంగా పనిచేస్తుంది. హంటర్ సిండ్రోమ్‌కు (ఒక ఎంజైమ్ లోపించే జన్యు జబ్బుకు) పాబినాఫస్ప్ ఆల్ఫా జపాన్‌లో 2021లో అనుమతి పొందింది, వారానికి కిలోకు 2 మి.గ్రా. అయితే రిసెప్టర్‌కు మరీ గట్టిగా అంటుకునే యాంటీబాడీ ఎండోథీలియల్ కణంలోనే చిక్కుకుని, పదార్థాలను ముక్కలు చేసే లైసోజోమ్‌కు పోతుంది. మధ్యస్థంగా పట్టుకునేదే అవతల వదులుతుంది. అంటుకునే బలం పెంచేకొద్దీ మంచిదని లిగాండ్లు డిజైన్ చేసేవారు ఇక్కడే తప్పుదారి పడతారు. పైగా అది మెదడంతా చేరుతుంది, మీ అంచుకు మాత్రమే కాదు.

ముక్కు దారిలో జాతి తేడా పెద్దది. ఎలుక ముక్కు లోపలి పొరలో దాదాపు సగం ఘ్రాణ భాగం. మనిషిలో పదో వంతు కూడా ఉండదు, అదీ పైన ఇరుకులో దాక్కుని ఉంటుంది, మామూలు స్ప్రే అక్కడికి చేరడమే కష్టం. 2019లో అనుమతి వచ్చిన ఎస్కెటమిన్ స్ప్రే పనిచేస్తున్నది ప్రధానంగా ముక్కు పొర నుంచి రక్తంలోకి చేరి. ఎలుకలో చూసిన శాతాన్ని మనిషికి అన్వయించిన పేపర్లను పక్కన పెట్టండి.

మీ సమీక్షకు జల్లెడలా వాడుకోవడానికి నేను చూసేవి చెబుతాను. మొదటిది, మెదడు తీసేముందు సెలైన్‌తో రక్తాన్ని కడిగారా? మెదడు బరువులో 2–3 శాతం రక్తమే. కడగకపోతే నాళాల్లోని మందే మెదడు మందుగా లెక్కపడుతుంది. రెండోది, కేశనాళికలను వేరుచేసి చూశారా? ఎండోథీలియల్ కణంలో ఇరుక్కున్నది మెదడుకు చేరినట్టు కాదు. మూడోది, జాడ కోసం చేర్చిన మెరిసే రంగు నానోకణంలోనే ఉందా, ఊడి వచ్చిందా? మెరుపు కనిపించిన ప్రతిచోటా కణం ఉన్నట్టు కాదు. ఊడిపోయిన రంగు తనంతట తాను దాటే రకమైతే ఆ బొమ్మలన్నీ వృథా. నాలుగోది, హోమోజెనేట్‌లో (రుబ్బిన మెదడు ముద్దలో) కొలిచిన మొత్తం మందు ఇచ్చారా, దేనికీ అంటుకోని స్వేచ్ఛా మందు ఇచ్చారా? కొవ్వుకు అంటుకునే మందుకు మెదడు, ప్లాస్మా నిష్పత్తి 5 వచ్చినా స్వేచ్ఛా నిష్పత్తి 0.1 ఉండవచ్చు. కణం మీద పనిచేసేది స్వేచ్ఛగా ఉన్నదే. మైక్రోడయాలసిస్ (సన్నటి గొట్టంతో మెదడు ద్రవంలోని స్వేచ్ఛా మందును పట్టడం) కష్టమైతే మెదడు ముక్కల్లో బంధన శాతం కొలిచి అయినా సరిచేయాలి.

సన్నగొట్టం గారి దారిలో నానోకణాలు వాడాలంటే పరిమాణం గమనించండి. కణాల మధ్య సందు పదుల నానోమీటర్లలో ఉంటుంది. పెగ్‌ను (అంటుకోనివ్వని పాలిమర్‌ను) దట్టంగా పూసిన 114 నానోమీటర్ల కణాలు ఎలుక మెదడులో కదిలాయి, పూత పలచగా ఉంటే అంటుకుపోయాయి. 200 దాటిన కణాలతో ప్రవాహం పెట్టి ప్రయోజనం ఉండదు.

రసాయని

అందరికీ చాలా కృతజ్ఞతలు. ఒక్క సందేహం మిగిలింది. పాక్లిటాక్సెల్‌ను పీ-గ్లైకోప్రోటీన్ బయటికి తోసేస్తుంది కదా. అల్ట్రాసౌండ్‌తో కీళ్ళు వదులైనా ఆ పంపులు పనిచేస్తూనే ఉంటాయి. మరి 3.7 రెట్లు ఎలా సాధ్యమైంది? పంపు నిరోధకాన్ని కూడా కలిపి ఇవ్వాలా?

ధ్వనిరేఖ

పంపు ఉన్నది ఎండోథీలియల్ కణం రక్తంవైపు పొరలో. కణం లోపలికి వచ్చిన అణువును పట్టుకుని రక్తంలోకి తిరిగి తోస్తుంది. కీళ్ళ సందులోంచి నేరుగా అవతలికి దిగిన అణువు దాని చేతికి చిక్కదు. కాబట్టి దారి తెరిచి ఉన్నంతసేపు పంపు పెద్ద అడ్డు కాదు. మూసుకున్నాక అవతల ఉన్న స్వేచ్ఛా మందు మళ్ళీ ఎండోథీలియల్ కణంలోకి వ్యాపించి, అక్కడి నుంచి బయటికి పోవడం మొదలవుతుంది. పాక్లిటాక్సెల్‌కు ఇక్కడ ఒక అనుకూలత ఉంది. కణాల్లోని ట్యూబులిన్‌కు గట్టిగా అంటుకుంటుంది కాబట్టి వెంటనే ఖాళీ కాదు. అలా అంటుకోని పంపు సబ్‌స్ట్రేట్ ఎంచుకుంటే 45 నిమిషాలకు బాగున్న అంకె మర్నాటికి మిగలకపోవచ్చు. ఎలుకల్లో అల్ట్రాసౌండ్ తర్వాత పీ-గ్లైకోప్రోటీన్ కొంతకాలం తగ్గిందని చూపినవి ఉన్నాయి, దాని మీద మాత్రం లెక్క కట్టకండి.

నిరోధకం కలపవద్దనే నా సలహా. అది అంచులో మాత్రమే ఆగదు. మిగిలిన మెదడు, పేగు, ఎముక మజ్జ అన్నిచోట్లా పంపులను ఆపి మందు విషప్రభావాన్ని పెంచుతుంది. ఇంత కష్టపడి ఒకచోటికే గురిపెట్టిన ప్రయోజనం అక్కడ పోతుంది. బదులుగా జంతు ప్రయోగంలో రెండు సమయాలు పెట్టండి: ధ్వని ఇచ్చిన గంటకు ఒక గుంపు, 24 గంటలకు ఇంకో గుంపు. ప్రతి జంతువులోనూ ధ్వని తగిలిన వైపు, తగలని వైపు రెండూ కొలవండి. రెండు సమయాల్లోనూ నిష్పత్తి దగ్గరగా ఉంటే మందు నిలుస్తోంది. మొదటిది 4, రెండోది 1.2 వస్తే ఒత్తిడి పెంచవద్దు, అణువును మార్చండి.